అంగట్లో ఎర్రగా ఉన్న చేప ఇంట్లో ఎందుకు వెలిసిపోతుంది? అక్వేరియం లైటు కథ

(దృశ్యం: తిరుపతి, కొర్లగుంటలో మా ఇంటి హాలు. గోడ వారగా రెండడుగుల ట్యాంకు. లైటు ఆపి ఉంది. అడుగున ఒక ప్యారెట్ చేప కదులుతోంది.)

నమస్తే అండీ. ఈ ప్యారెట్ చేపను ఊళ్లోనే ఒక అంగట్లో కొన్నాను. అక్కడ చూసినప్పుడు పండు మిరపకాయలా ఉంది. ఇంటికి తెచ్చి కవరు కాసేపు నీళ్లలో తేల్చి, జాగ్రత్తగా వదిలాను. మొదటి రెండు రోజులు రంగు తగ్గితే భయపడక్కర్లేదు, చోటు మారిన బెదురుకి చాలా చేపలు పాలిపోతాయి. కానీ వారం గడిచినా ఇది ఎండిన నారింజ తొక్కలాగే ఉంది. అంగడాయన్ను తిట్టుకుంటూ ఉంటే మా అమ్మ అడిగింది: "నేను చీర కొంటే అంగడి బయటికి తెచ్చి వెలుతుర్లో చూస్తాను గదా నాయనా. నువ్వేంది, చేపను వాళ్ల లైటు కిందే చూసి తెచ్చినావు?"

దానికి జవాబు వెతుక్కుంటూ పోతే ఇంత వీడియో అయింది.

(దృశ్యం: అదే ట్యాంకు మీద గులాబీ రంగు లైటు. చేప ఒక్కసారిగా ఎర్రబడుతుంది.)

చూశారా? చేప మారలేదు, నీళ్లు మారలేదు. ఎర్ర చేప అంటే తన మీద పడిన కాంతిలో ఎరుపును మన కంటికి తిప్పి పంపే చేప, అంతే. ఈ గులాబీ లైటులో ఎరుపు, నీలం దండిగా ఉంటాయి, ఆకుపచ్చ బాగా తక్కువ. దీని కింద ఎర్ర చేప మండిపోతుంది. మొక్కలు మాత్రం నల్లబడి, ట్యాంకంతా రంగుల గుడారంలా ఉంటుంది. అంగట్లో బేరానికి బాగుంటుందేమో, హాల్లో రోజూ చూడాలంటే నా వల్ల కాలేదు.

మరి ఇంట్లో నేను పెట్టిన తెల్ల లైటు తప్పేమిటి? మామూలు తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం ఎల్ఈడీ. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది, అది నీలంలో కొంత భాగాన్ని పసుపు వెలుగుగా మారుస్తుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. చవక రకాల్లో ముదురు ఎరుపు చాలా తక్కువ. లైటులో లేని ఎరుపును చేప ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది?

(తెర మీద: 3000 కె, 6500 కె, 10000 కె)

డబ్బా మీద ఈ కెల్విన్ అంకె చూసే ఎక్కువ మంది కొంటారు. 3000 అంటే పాత బల్బులాంటి పసుపు. 6500 పగటి వెలుతురు. 10000 దాటితే నీలం ఛాయ. ఇది తెలుపులో ఛాయను చెబుతుంది, అందులో ఎరుపు సరిగ్గా ఉందా లేదా అన్నది చెప్పదు. దానికి సీఆర్ఐ అనే ఇంకో అంకె ఉంది, 100కి. 80 అంటే పర్వాలేదు, 90 దాటితే మంచి లైటు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. మామూలుగా రాసే సీఆర్ఐ 8 లేత రంగుల సగటు. ముదురు ఎరుపు ఆ 8లో లేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. ఆర్9 కూడా అచ్చువేశారంటే ఆ కంపెనీ వాళ్లు రంగు గురించి పట్టించుకున్నారని అర్థం.

సరే, డబ్బా మీద కెల్విన్ తప్ప ఏమీ లేదనుకోండి. లైటు వేయించి దాని కింద అరచేయి పెట్టండి.

(దగ్గరి షాట్: రెండు లైట్ల కింద ఒకే అరచేయి, పక్కనే చిటికెడు కుంకుమ.)

ఎడమ వైపు చేయి చూడండి, జ్వరం పడి లేచిన మనిషిది లాగా ఉంది. కుంకుమ కూడా ఇటుక పొడిలా ఉంది. కుడి వైపు చేతిలో రక్తం కనబడుతోంది. నేను కుడి వైపుది కొన్నాను. అన్నట్టు, ఈ వీడియోకి కెమెరాలో వైట్ బ్యాలెన్స్ లాక్ చేశాను. లేకపోతే ఫోను తనంతట తానే రంగులు సర్దేసి, అన్ని లైట్లూ ఒకేలా ఉన్నాయని మీతో అనిపించేది.

(దగ్గరి షాట్: నియాన్ టెట్రాలు.)

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. నియాన్ టెట్రా. బొటనవేలంత కూడా ఉండదు గానీ ఒకే ఒంట్లో రెండు రకాల రంగు. తోక వైపు ఎరుపు నిజమైన రంగు పదార్థం. పైన ఆ నీలం గీతలో మాత్రం నీలం రంగన్నది లేదు. చర్మంలో గ్వానిన్ అనే పదార్థం పలుచని పలకల్లా పొరలు పొరలుగా ఉంటుంది, పడిన వెలుతురులోంచి నీలం, ఆకుపచ్చల్ని తిప్పి కొడుతుంది. నెమలి ఈక మెరిసేదీ ఇలాంటి పద్ధతిలోనే.

నీలం లైటు వేస్తున్నాను. గీత భగ్గుమంటోంది, ఎరుపు కాఫీ మరకలా అయిపోయింది. ఇప్పుడు 3000 కెల్విన్ పసుపు బల్బు. ఎరుపు తిరిగొచ్చింది, గీత కాస్త నీరసపడింది. చివరగా 6500 కెల్విన్, సీఆర్ఐ 90 పైన ఉన్నది. రెండూ ఉన్నాయి, మధ్యలో పొట్ట దగ్గరి వెండి రంగు కూడా.

ఇక్కడ ఇంకో సంగతి. ఇదే లైటును ట్యాంకు వెనక అంచుకు జరుపుతున్నాను... గీత ఆరిపోయింది. ముందు అంచుకు, అంటే మన వైపుకు తెస్తున్నాను... మళ్లీ వెలిగింది. వెనక నుంచి వెలుగు పడితే మనకు కనిపించేది చేప నీడ వైపు. మెరిసే రంగులకు వెలుగు మన వైపు నుంచి పోయి మన వైపుకే తిరిగి రావాలి. కొత్త లైటు కొనే ముందు ఉన్న లైటును ఒకసారి ముందుకు జరిపి చూడండి. పైసా ఖర్చు లేదు.

ఎంత వెలుగు కావాలి? కరెంటు ఖర్చు చెప్పే వాట్లను వదిలేసి, వెలుగు ఎంతో చెప్పే ల్యూమెన్లు చూడండి. పొడవు 24, వెడల్పు 12, ఎత్తు 15 అంగుళాల ట్యాంకులో గులకరాళ్లు, పైన ఖాళీ పోను దాదాపు 60 లీటర్ల నీళ్లు పడతాయి. చేపలు మాత్రమే ఉంటే లీటరుకు 10 నుంచి 20 ల్యూమెన్లు చాలు, అంటే 600 నుంచి 1200. ఒక మంచి 10 వాట్ల ఎల్ఈడీ దాదాపు 1000 ఇస్తుంది. అంతకంటే ఎక్కువ పెడితే టెట్రాల లాంటివి మూలల్లో దాక్కుని ఇంకా పాలిపోతాయి. వాటి పుట్టిల్లు అమెజాన్ ప్రాంతంలో ఆకులు కుళ్లి డికాషన్ రంగుకు తిరిగిన వాగులు. మన వీధుల్లో రాలే బాదం ఆకు, బాగా ఎండినది, కడిగి ఒకటి వేస్తే నీళ్లకు ఆ ఛాయ వస్తుంది. మందులు కొట్టిన చెట్టుది వద్దు.

(దృశ్యం: ట్యాంకు వెనక పగడపు దిబ్బల పోస్టరు చింపి, నల్ల చార్ట్ పేపరు అంటిస్తున్న చేతులు.)

అడుగున తెల్ల రాళ్లు, వెనక ఈ పోస్టరు ఉంటే ఎంత మంచి లైటైనా దండగే. చాలా చేపలు నేల రంగును బట్టి చర్మంలోని నల్ల కణాలను సర్దుకుంటాయి, తెల్ల నేల మీద తెల్లబడతాయి. నల్ల చార్ట్ పేపరు, ముదురు గులకరాళ్లు పెట్టిన కొన్నాళ్లకే మా ప్యారెట్ రంగు చిక్కబడింది. ఎరుపు, నారింజలకు కావాల్సిన కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను మాత్రం చేప తనంతట తాను తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. స్పిరులినా అనే నాచు పొడి, రొయ్యల పొడి ఉన్న మేత చూసుకోండి.

కిటికీ ఎండ మంచిదే కదా అని అడుగుతారు. తిరుపతి ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది. ట్యాంకు కిటికీ పక్కన పెడితే నీళ్లు వేడెక్కుతాయి, అద్దం నిండా పాచి. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు, ప్లగ్ టైమరు పెడితే మరిచిపోయే బాధ లేదు. రాత్రంతా నీలం లైటు వదలొద్దు. ఈ చేపలకు రెప్పలు లేవు, చీకటే వాటి నిద్ర. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి, నీటి చుక్క జారినా అక్కడే కిందికి పడుతుంది.

(దృశ్యం: చేపల అంగడి గుమ్మం. చేతిలో కవరు, అందులో రెండు ప్లాటీ చేపలు.)

మొన్న మళ్లీ వెళ్లాను. "అన్నా, కవర్లో వేసి ఇస్తే బయటికి తీసుకెళ్లి ఒక్క నిమిషం చూసుకుంటాను" అన్నాను. నవ్వి ఇచ్చాడు. నీడలో నిలబడి వెలుతురుకు ఎత్తి చూశాను. ఒకటి బాగానే ఉంది, రెండోది లేత నారింజ. లోపలికి పోయి రెండోదాన్ని మార్పించుకున్నాను.