అమలాపురంలో వీడియో గేమ్ పార్లర్: టీవీ కాదు, రిమోట్ చూడండి

ఆయ్, నమస్కారమండి. గడియార స్తంభం సెంటర్‌కి దగ్గర్లో ఒక మేడ మీద ఉన్నాను. కింద చెప్పుల షాపు, పైన గేమ్ పార్లర్. పేరు చెప్పను, తిట్టేది కూడా ఉంది కాబట్టి.

మూడు ప్లేస్టేషన్ 5లు, గంటకి మనిషికి 60 రూపాయలు. ఏసీ బాగుంది. లోపలికి రాగానే అందరూ పెద్ద టీవీ చూసి మురిసిపోతారు. నేను ముందు ఆట ఆడే రిమోట్ చూస్తానండి. ఇదిగో, ఎడమ స్టిక్ మీద నా వేలు లేదు. అయినా ఫుట్‌బాల్ ఆటలో మన ఆటగాడు తనంతట తనే లైను దాటి వెళ్ళిపోతున్నాడు! దీన్నే డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ కింద పొటెన్షియోమీటర్ అని, అది ఎటు తిరిగిందో కొలిచే చిన్న భాగం ఉంటుంది. తిప్పినప్పుడల్లా లోపల రాసుకుని అరుగుతుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా చేతులు మారే చోట ఇంకా త్వరగా పోతుంది. పైగా బజ్జీలు తిన్న చేతులాయె.

ఓనర్ గారికి చెబితే "మీకు ఆడడం రాక" అన్నారు. మా బావ చేతిలో నాలుగు గోల్స్ తిన్నాను. రిమోట్లు మార్చుకున్నాక రెండు-రెండు! అందుకే డబ్బులు కట్టేముందు ఒక్క నిమిషం స్టిక్ వదిలేసి చూడండి.

ఆటలంటారా, ఈఏ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ గేమ్ ఉంది, అదేనండి, 2023 దాకా ఫిఫా అన్నది. క్రికెట్ 24, టెక్కెన్ 8 అనే ఫైటింగ్ గేమ్ కూడా ఉన్నాయి. ఇద్దరు వెళ్ళి జీటీఏ 5 మాత్రం అడక్కండి. ఒక టీవీ మీద ఇద్దరు ఆడే వీలు అందులో లేదు. ఒకరు ఆడితే రెండోవారు చూడాలి. డబ్బులు మాత్రం ఇద్దరికీ!

సీడీలు అద్దెకి కూడా ఇస్తున్నారు. కొత్త గేమ్ కొనాలంటే దాదాపు ఐదు వేలు కదా, నాకైతే ఇదే నచ్చింది. ప్లేస్టేషన్ 4 సీడీ 5లో ఆడుతుంది, 5 సీడీ 4లో ఆడదు. మీ దగ్గర సీడీ పెట్టే డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ ఉంటే ఈ అద్దె సీడీలు పనికిరావు. తీసుకునేటప్పుడు సీడీని వెనక్కి తిప్పి, గీతలుంటే అక్కడే చూపించండి. లేదంటే ఆ గీతలు మీ ఖాతాలో పడతాయి.

అదిగో, కరెంటు పోయింది. ఓనర్ గారు మాత్రం టైం ఆపారండి, ఆ విషయంలో మెచ్చుకోవాలి.

వచ్చేసింది. ఇంకా 11 నిమిషాలున్నాయి. బావా, ఈసారి ఆ రిమోట్ నాకియ్యి.