ప్లీజ్ పాస్ ద మైక్: ఒక గురువారం రాత్రి కథ

[తెర మీద: ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా మైకు స్టాండు. మ్యూజిక్ లేదు.]

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక ర్యాప్ ఈవెంట్‌కి వెళ్లాను. లిస్టులో 18 పేర్లు. సాయంత్రం ఆరింటికి హాలు కిటకిటలాడుతోంది, నిలబడటానికి కూడా చోటు లేదు. ఒక్కొక్కరూ వస్తున్నారు, పాడుతున్నారు, ఫ్రెండ్స్‌తో వీడియో తీయించుకుంటున్నారు, ఆ ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని వెళ్లిపోతున్నారు.

తొమ్మిదిన్నరకి చివరి కుర్రాడి వంతు వచ్చింది. వరంగల్ నుంచి బస్సులో వచ్చాడు. లిరిక్స్ రూళ్ల నోటుబుక్కులో రాసుకున్నాడు. పొద్దుటి నుంచి చేతిలోనే పట్టుకుని ఉన్నాడేమో, చెమటకి అట్ట మెత్తబడిపోయింది. వాడు మొదలుపెట్టేసరికి హాల్లో నలుగురం ఉన్నాం. అందులో ఒకతను సౌండ్ సిస్టమ్ అతను, అప్పటికే వైర్లు చుట్టుకుంటున్నాడు.

ఆ కుర్రాడు బాగా రాశాడు. వాళ్ల నాన్న నడిపే ఆటో గురించి, ఫైనాన్స్ వాళ్లు ఇంటికి రావడం గురించి రాశాడు. అది వినాల్సిన 17 మందిలో ఒక్కరూ అక్కడ లేరు.

ఇంటికి వచ్చి ఫోన్ చూస్తే, ఒకరి పోస్టుల కింద ఒకరు "ఫైర్ అన్నా", "ఫుల్ సపోర్ట్ అన్నా" అని రాసుకున్నారు. ప్రేమగానే రాసుంటారు. కానీ సపోర్ట్ అంటే ఇదేనా అని ఆ రోజు నుంచి నన్ను తొలిచేస్తోంది. దానికి నాకు దొరికిన జవాబు అమెరికాలో ఒక చిన్న కేఫ్‌లో ఉంది.

[తెర మీద: లాస్ ఏంజిలిస్ మ్యాప్. సౌత్ సెంట్రల్ దగ్గర ఎర్ర చుక్క.]

1989 డిసెంబర్. లాస్ ఏంజిలిస్‌లో సౌత్ సెంట్రల్ అనే ప్రాంతం, క్రెన్‌షా బౌలెవార్డ్. అక్కడ గుడ్ లైఫ్ అని ఆరోగ్యకరమైన తిండి అమ్మే ఒక షాపు, దాంతోపాటు చిన్న కేఫ్. బీ హాల్ అనే ఆవిడ, ఆవిడ కొడుకు ఆర్. కేన్ బ్లేజ్ కలిసి ప్రతి గురువారం రాత్రి అక్కడ ఓపెన్ మైక్ మొదలుపెట్టారు. రెండు గంటల కార్యక్రమం. పేరు రాయించుకున్న వాళ్లు వరుసగా వచ్చి పాడాలి.

అప్పుడు ఆ ఊరు ఎలా ఉందో కొంచెం చెప్పాలి. ఎన్.డబ్ల్యూ.ఎ. అనే అక్కడి ర్యాప్ గ్రూపు 1988 ఆల్బమ్ సంచలనం అయ్యాక, లాస్ ఏంజిలిస్ ర్యాప్ అంటే గన్నులూ గ్యాంగులూ అనే పేరు పడిపోయింది. మరో రకంగా రాసే పిల్లలని పట్టించుకునే మ్యూజిక్ కంపెనీ దాదాపు లేదు. బయట వీధుల్లో బ్లడ్స్, క్రిప్స్ అనే గ్యాంగుల గొడవలు. ఏ రంగు చొక్కా వేసుకుని ఏ వీధిలోకి వెళ్తున్నావో చూసుకోవాల్సిన పరిస్థితి.

నిజానికి ర్యాప్‌కి పుట్టిల్లయిన హిప్ హాప్ పుట్టుకకి ముందే ఇలాంటి కథ ఒకటి ఉంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1971 డిసెంబర్‌లో, గ్యాంగుల గొడవ ఆపడానికి వెళ్లిన ఘెట్టో బ్రదర్స్ అనే గ్యాంగు సభ్యుడిని కొట్టి చంపేశారు. అందరూ పగ తీర్చుకుంటారనుకుంటే, ఆ గ్రూపు వాళ్లు డిసెంబర్ 8న హో అవెన్యూలోని బాయ్స్ క్లబ్‌లో గ్యాంగులన్నిటినీ కూర్చోబెట్టి సంధి మాట్లాడారు. సంధి పూర్తిగా నిలబడలేదు, కానీ పక్క వీధికి వెళ్లాలంటే ఉండే భయం కొంత తగ్గింది. 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ పెట్టిన పార్టీని హిప్ హాప్ పుట్టినరోజు అంటారు కదా, అది జరిగింది ఈ బ్రాంక్స్‌లోనే. పక్క వీధికి వెళ్తే ప్రాణం పోయే చోట పార్టీలకి ఎవరొస్తారు?

సరే, మళ్లీ గుడ్ లైఫ్‌కి వద్దాం.

[తెర మీద: పెద్ద అక్షరాలతో "తిట్లు వద్దు"]

అక్కడ గట్టి నియమం ఒకటుంది. మైకులో బూతులు, తిట్లు రాకూడదు. ఎవరైనా సరే. వినడానికి స్కూలు మాస్టారి నియమంలా ఉంటుంది. కానీ దీనివల్ల ఏం జరిగిందో అర్థం కావాలంటే మన అష్టావధానంలో నిషిద్ధాక్షరి గుర్తు చేసుకోండి. అవధాని పద్యం మొదలుపెడతాడు. తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని అప్పటికప్పుడు ఇంకో దారి వెతుక్కోవాలి. చేతికి అందే మాటని తీసేస్తేనే కదా అసలు విద్య బయటపడేది. గుడ్ లైఫ్‌లోనూ అంతే. ప్రాస కుదరకపోతే ఒక తిట్టు పడేసి తప్పించుకునే వీలు లేదు. దాంతో వేగం, పదాల కూర్పు, జాజ్ పాటగాళ్లలాగా గొంతుని వాయిద్యంలా వాడటం, ఇవన్నీ అక్కడ పదునెక్కాయి. ఫ్రీస్టైల్ ఫెలోషిప్ గ్రూపు ఆ వేదిక మీద రాటుదేలిందే. ఆ గ్రూపులోని ఏసీయలోన్, మైకా నైన్ పాడింది ఒక్కసారి వినండి, నోరు తిరగడం అంటే ఏమిటో తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం అక్కడి ఆడియన్స్. ఎవరైనా పస లేకుండా పాడితే హాలంతా ఒకే గొంతుతో "ప్లీజ్ పాస్ ద మైక్" అనేది. మైకు పక్కవాళ్లకి ఇచ్చెయ్యి, ప్లీజ్. ఆ ప్లీజ్ అన్న మాట గమనించండి. గేలి చేసి తరిమెయ్యడం లేదు, వచ్చే వారం ఇంకా బాగా రాసుకురమ్మంటున్నారు. పేరున్నవాడైనా, కొత్తవాడైనా ఇదే లెక్క.

మన దగ్గర ఐక్యత అంటే ఎవరినీ ఏమీ అనకూడదనే అభిప్రాయం ఉంది. నేను ఒప్పుకోను. వినకుండా "ఫైర్ అన్నా" అనడం కంటే, చివరిదాకా కూర్చుని విని "తమ్ముడూ, రెండో చరణంలో బీట్ తప్పావు" అని చెప్పేవాడే నా వాడు. గుడ్ లైఫ్‌లో పాడినవాళ్లే ఆడియన్స్. తమ పాట అయ్యాక కూర్చుని మిగతావాళ్లని వినేవాళ్లు. ఆ కూర్చోవడంలోంచే గ్రూపులు పుట్టాయి.

[తెర మీద: రెండు వృత్తాలు, నెమ్మదిగా ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి.]

ఉదాహరణకి యూనిటీ కమిటీ, రెబెల్స్ ఆఫ్ రిథమ్ అని రెండు వేరే వేరే గ్రూపులు ఉండేవి. ఒకే మైకు కోసం వచ్చే రెండు గ్రూపులంటే పోటీయే కదా. కానీ గుడ్ లైఫ్‌లో కలిసి, ఒకరి పాట ఒకరు విని, ఇద్దరూ కలిసి ఒక పాట చేశారు. 1995లో వచ్చిన ఆ సింగిల్ పేరు "యూనిఫైడ్ రెబెల్యూషన్". రెండు గ్రూపుల పేర్లూ అందులోనే ఉన్నాయి చూడండి. ఆ కలిసిన గ్రూపే జురాసిక్ ఫైవ్.

"సెల్మా" సినిమా తీసిన డైరెక్టర్ ఏవా డువర్నే కూడా కుర్రతనంలో ఆ కేఫ్‌లో ర్యాప్ చేసిన అమ్మాయే. 2008లో ఆ రోజుల మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. 1994లో ఆ గుంపులో చాలామంది లెమర్ట్ పార్క్‌లో బెన్ కాల్డ్‌వెల్ నడిపే కేయాస్ నెట్‌వర్క్ అనే కళాకేంద్రానికి మారారు. అక్కడ ప్రాజెక్ట్ బ్లోడ్ అనే ఓపెన్ మైక్ మొదలైంది. చోటు మారింది, తిట్ల మీద నిషేధమూ పోయింది, గురువారం మాత్రం మారలేదు.

[తెర మీద: మళ్లీ ఆ ఖాళీ కుర్చీలు.]

హైదరాబాద్‌లో టాలెంట్‌కి కొదవ లేదు. పాతబస్తీ దక్కనీలో, తెలంగాణ యాసలో, కోస్తా యాసలో రాసేవాళ్లు ఉన్నారు. కానీ మనం పెద్ద స్టేజీ, స్పాన్సర్, లైటింగ్ దొరికితేనే ఈవెంట్ పెడుతున్నాం. ఆ తర్వాత ఆరు నెలలు ఎవరి గదిలో వాళ్లం. గుడ్ లైఫ్‌లో ఉన్నది ఒక మైకు, ఒక గది, ఎప్పటికీ మారని ఒక రోజు. ఈ వారం బాగా పాడకపోయినా వచ్చే వారం ఉంటుందన్న భరోసా ఆ పిల్లలకి ఉండేది. మన కుర్రాడికి అది లేదు. వాడికి ఉన్నది ఆ ఒక్క రాత్రే.

అందుకే మేం ఐదుగురం కలిసి ఒక టీ స్టాల్ పైన ఉన్న గది మాట్లాడుకున్నాం. ప్రతి నెలా మొదటి శనివారం, సాయంత్రం ఐదింటికి. ఒక స్పీకరు, ఒక మైకు. పాడినవాళ్లు చివరిదాకా కూర్చోవాలి, లేదంటే వచ్చే నెల లిస్టులో పేరుండదు. వీడియోలు తీసేది ఒక్కరే, అందరికీ పంపుతారు. ఫోన్లు జేబుల్లో ఉంటాయి.

వరంగల్ కుర్రాడికి ఫోన్ చేశాను. నన్ను గుర్తుపట్టలేదు. "ఆ రోజు చివర్లో విన్న నలుగురిలో ఒకణ్ణి" అంటే గుర్తుపట్టాడు. లాస్ట్ బస్సు టెన్షన్ లేకుండా లిస్టు పైనే వాడి పేరు రాశాం. వాడేమో, "పర్లేదన్నా, అందరివీ విన్నాకే పోత" అన్నాడు.