ముస్తాంగ్‌కి డిస్కు బ్రేకులు: కొండ దిగే మామ కోసం

అందరికీ నమస్కారం. ఈ మాటలు రికార్డు చేస్తా ఉండేది తిరుపతిలో, మిద్దె మీద. వెనకాల అరిచేది కాకులు, పట్టించుకోవద్దు. వీడియోలో గ్యారేజీ మాత్రం అమెరికాది, బండి 1966 ఫోర్డ్ ముస్తాంగ్ కారు, వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను). "డ్రమ్ము తీసి డిస్కు వేస్తే ఏమొస్తాది రా అబ్బోడా?" అని మామ అడిగినందుకు ఈ వీడియో.

మామా, 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు దిగి అలిపిరి చేరేసరికి చక్రాల దగ్గర మాడు వాసన వస్తాది చూడు, అదే జవాబు. డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే గిన్నె, దాన్ని లోపల్నుంచి ఒత్తేది షూ. డ్రమ్ము వేడెక్కితే సాగి షూకి ఎడంగా జరుగుతాది, పెడలు కిందికి పోతాది. షూ మీదుండే లైనరు కూడా పట్టు వదిలేస్తాది. డిస్కు (రోటరు అన్నా అదే) అంటే చక్రంతో తిరిగే పళ్ళెం, రెండు పక్కల నుంచీ ప్యాడ్లు దాన్ని పట్టుకుంటాయి. డిస్కుకి రెండు పక్కలా గాలి తగుల్తాది, ఉబ్బినా ప్యాడు వైపే ఉబ్బుతాది.

ముందు చక్రాలకి వేస్తే చాలు. బ్రేకు కొట్టంగానే బరువంతా ముందుకే పడుతుంది కదా. వెనక డ్రమ్ములు, హ్యాండ్ బ్రేకు అట్లే ఉండనీ.

కిట్టు దాదాపు వెయ్యి డాలర్లు. డాలరు 85 ఉన్నప్పటి లెక్కన 85 వేలు! మెకానిక్కు చేత చేయిస్తే గంటకి 130 డాలర్లు, అంటే 11 వేలు. అందుకే అక్కడ జనం సొంతంగా విప్పుకుంటారు. స్పేర్ పార్టుల షాపుల్లో పనిముట్లు ఊరికే ఇస్తారు: డిపాజిట్ కట్టి తీసుకుపోయి, తిరిగిచ్చేస్తే డబ్బంతా వెనక్కి. ఇది మాత్రం మనకీ రావాల. కొనే ముందు రిమ్ము చూసుకోవాల. పాత 14 అంగుళాల రిమ్ములు కొన్ని కాలిపర్లకి (ప్యాడ్లని నొక్కే పట్టుకార్లకి) తగుల్తాయి, 15 వేయాల్సి వస్తాది.

పాత షూల దుమ్ములో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, తడిపి తుడవండి. కొత్త రోటరుకి తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, బ్రేక్ క్లీనర్‌తో కడక్కపోతే ప్యాడ్లు పీల్చుకుంటాయి. బేరింగులకి గ్రీజు ఎక్కించి, రోటరు తిప్పతా నట్టు 23 నుంచి 34 న్యూటన్ మీటర్లు బిగించి, అర చుట్టు వదిలి, వేళ్ళతో ఆనించి, నట్టు కదలకుండా స్ప్లిట్ పిన్ను వేయాల. ఇంకా బిగిస్తే బేరింగు కాలిపోతుంది. కాలిపరు మీద గాలి వదిలే నిపుల్ పైకే ఉండాల. కుడి ఎడమలు తారుమారైతే నిపుల్ కిందికొచ్చి, ఎంత తొక్కినా గాలి పోదు.

అసలు తంటా మాస్టర్ సిలిండరుది, అంటే పెడలు తొక్కితే బ్రేక్ ఆయిలుని చక్రాలకి తోసేదానిది. ఈ బండికి ఒకటే గది, ఒక చోట లీకైతే నాలుగు చక్రాలూ గోవిందా. 1967 నుంచి ముస్తాంగ్‌కి రెండు గదులదే వచ్చింది, అట్లాంటిదే వేయాల. డ్రమ్ము లైన్లో 10 పీఎస్ఐ ఒత్తిడి పట్టి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అది డిస్కు లైన్లో మిగిలిపోతే ప్యాడ్లు రాసుకుంటానే ఉంటాయి. పెడలు నుంచి మాస్టరుని తోసే పుష్‌రాడుకి కాస్త ఆట లేకున్నా అంతే, బండి వేడెక్కేకొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఇంకోటి: డ్రమ్ము షూని తనే లాక్కుంటాది, డిస్కు లాక్కోదు, కాబట్టి కాలు గట్టిగా వేయాల. పెద్ద బోరు (లోపలి వెడల్పు) ఉండే మాస్టరు వేస్తే పెడలు తేలికవుతుందని చాలామంది పొరబడతారు. ఇంకా గట్టిపడుతుంది.

వెనక లైనుకి ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు తప్పదు. వెనక చక్రాలు ముందే పట్టేస్తే బండి గిర్రున తిరుగుతుంది. ఖాళీ రోడ్డులో చూసుకుంటా, ముందు చక్రాలు మొదట పట్టేదాకా వెనక ఒత్తిడి తగ్గించాల.

ఇంక లైన్లలో చిక్కుకున్న ఎయిర్ తీయడం. మాస్టరుకి దూరంగా ఉండే చక్రంతో మొదలు: అక్కడ స్టీరింగు ఎడమ కాబట్టి వెనక కుడి, మన బండ్లకి వెనక ఎడమ. బ్రేక్ ఆయిలు డాట్ 4, కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్ళు పీల్చుకుంటే 155కే మరుగుతుంది. సిలికాన్ డాట్ 5 కలపొద్దు. ఇక్కడైతే "పెడలు తొక్కు రా" అంటే వీధిలో నలుగురు పిల్లోళ్ళు ఎగబడి వస్తారు. అక్కడ పక్కింటాయన పేరే తెలీదు, తొక్కేదానికి మనిషి లేక 30 డాలర్ల చేతి వ్యాక్యూమ్ పంపు. సరేలే.

కొత్త ప్యాడ్లు రోటరుకి అలవాటు పడేదానికి 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, మధ్యలో అర నిమిషం వదిలి, ఓ ఇరవై సార్లు మెల్లగా తగ్గించాల.

మామా, నీ అంబాసిడర్‌కి ఈ కిట్టు పట్టదు. పొద్దున్నే ముందు చక్రం విప్పి హబ్బు, స్టబ్ యాక్సిల్ (చక్రం ఎక్కే ఇరుసు) కొలుద్దాం. వెర్నియర్ నా బ్యాగులోనే ఉండాది.