“అర్థమైందా?” అని అడగకుండా పాఠం చెప్పడం

[తెర మీద: తెల్లబోర్డు. దాని మీద ఒకే వాక్యం: “హి యూస్డ్ టు స్మోక్.”]

నమస్కారం. పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పడమనే పనిని సెల్టా అనే శిక్షణ కోర్సులో ఉన్న ఉపాధ్యాయుడు ఎలా నేర్చుకుంటాడో ఈ వీడియోలో చూద్దాం. మొదట నేను పాడుచేసిన ఒక పాఠం గురించి చెబుతాను, ఎందుకంటే ఈ శిక్షణలో నేను నేర్చుకున్న అసలు విషయం అక్కడే ఉంది.

అది నా రెండో పాఠం. ఎదురుగా పన్నెండు మంది కూర్చున్నారు. అందరూ పగలంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం తరగతికి వచ్చినవాళ్లు. వెనక వరసలో తోటి శిక్షణార్థులు నలుగురు, వాళ్ల పక్కన కాగితం మీద ఏదో రాసుకుంటున్న శిక్షకురాలు. నేను ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి, గతంలో అలవాటుగా జరిగి ఇప్పుడు జరగని పనిని ఇలా చెబుతారని ఏడు నిమిషాల పాటు వివరించి, చివర్లో “డు యు అండర్‌స్టాండ్?” అని అడిగాను. పన్నెండు తలలూ ఊగాయి. సంతోషించి, ఇద్దరిద్దరుగా కూర్చుని ఇలాంటి వాక్యాలు చెప్పుకోమన్నాను. ముందు వరసలోని ఒక పెద్దాయన పక్కనున్న వ్యక్తితో “ఐ యూస్డ్ టు డ్రింక్ కాఫీ ఎవ్రీ మార్నింగ్” అన్నారు. మానేశారా అని అడిగితే ఆయన నా వైపు విచిత్రంగా చూసి, ఈ రోజు పొద్దున కూడా రెండుసార్లు తాగానని చెప్పారు.

ఆయన పొరపాటుకు కారణం సులభంగానే తెలుస్తుంది. నా వివరణలో ఆయన చెవిన పడిన మాట “అలవాటు” ఒక్కటే కాబట్టి, కాఫీ తాగడం తనకు అలవాటు అన్న అర్థంలో ఆ వాక్యం చెప్పారు. అయితే శిక్షకురాలు తర్వాత నన్ను అడిగింది ఆయన పొరపాటు గురించి కాదు. వాళ్లకు అర్థమైందని మీకు ఎలా తెలిసింది అని అడిగారు. తలలు ఊపారని చెప్పాను. ఆ జవాబు నోటి నుంచి వస్తుండగానే దాని బలం ఎంతో నాకు తెలిసిపోయింది.

మన దగ్గర నలుగురి ముందు “అర్థం కాలేదు” అనడం చాలామందికి నామోషీగా ఉంటుంది. పైగా పాఠం చెప్పేవాడు నొచ్చుకుంటాడేమోనన్న మొహమాటం ఒకటి. చిన్నపిల్లవాడైతే అర్థం కాకపోతే దిక్కులు చూస్తాడు, పక్కవాడిని గిల్లుతాడు, అందువల్ల మనకు వెంటనే తెలిసిపోతుంది. నలభై ఏళ్ల మనిషి మాత్రం మర్యాదగా తల ఊపి, పుస్తకంలో రాసుకుని, అర్థం కాలేదన్న సంగతిని ఇంటికి మోసుకుపోతాడు. అందుకే పెద్దల తరగతిలో “అర్థమైందా?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబు వల్ల ఏ సమాచారమూ అందదు.

[తెర మీద: అదే వాక్యం కింద మూడు ప్రశ్నలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

దాని బదులు అడగవలసినవి చాలా చిన్న ప్రశ్నలు. ఆయన గతంలో సిగరెట్టు తాగాడా? తాగాడు. ఒక్కసారా, చాలాసార్లా? చాలాసార్లు. ఇప్పుడు తాగుతున్నాడా? లేదు. ఈ మూడింటికీ సరైన జవాబు ఇచ్చినవారికి ఆ వాక్యం అర్థమైనట్టే, ఎక్కడ తడబడితే అర్థంలో ఆ ముక్క అందనట్టే. ఇంగ్లీషు బోధనలో వీటిని కాన్సెప్ట్ చెకింగ్ ప్రశ్నలు అంటారు. వినడానికి తేలికగా ఉన్నా, ఇవి తయారు చేయడం శిక్షణ మొత్తంలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని. ప్రశ్నలో మళ్లీ ఆ కొత్త వ్యాకరణ రూపాన్నే వాడకూడదు, నేర్పే మాట కన్నా కఠినమైన మాట వాడకూడదు, జవాబు ఒకటి రెండు మాటల్లో ముగియాలి. ఒక రాత్రి రెండు గంటలు కూర్చుని ఐదు ప్రశ్నలు రాస్తే, మర్నాడు వాటిలో మూడు పనికిరాలేదు.

ఇక్కడ తెలుగువారు గమనించవలసిన విషయం ఒకటుంది. “తాగేవాడు” అన్న మన క్రియారూపం “యూస్డ్ టు స్మోక్” అన్నదానికి దాదాపు సరిగ్గా సరిపోతుంది. “మా తాతయ్య చుట్ట తాగేవాడు” అన్నప్పుడు గతమూ, అలవాటూ రెండూ అందులోనే ఉన్నాయి, ఇప్పుడు ఆ పని లేదన్న ధ్వని కూడా ఉంది. మరి ఆ ఒక్క మాట చెప్పేస్తే ఏడు నిమిషాలు మిగిలేవి కదా అని మీరు అడగవచ్చు. వేర్వేరు భాషల వాళ్లు కలిసి కూర్చునే తరగతులను దృష్టిలో పెట్టుకుని పుట్టిన ఈ శిక్షణలో మాతృభాషకు ఇచ్చే చోటు చాలా తక్కువ. నా అభిప్రాయంలో, అందరూ తెలుగువారే ఉన్న తరగతిలో ఆ ఒక్క మాటా చెప్పడం తప్పు కాదు. కానీ చెప్పిన తర్వాత ఆ మూడు ప్రశ్నలూ అడగడం మాత్రం మానకూడదు.

[తెర మీద: ప్రపంచ పటం. లండన్ మీద ఒక చుక్క.]

నేను మాట్లాడుతున్న కోర్సు పేరు సెల్టా. సర్టిఫికెట్ ఇన్ ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచింగ్ టు అడల్ట్స్ అన్న పాత పేరులోని మొదటి అక్షరాలతో ఆ పొట్టి పేరు ఏర్పడింది. పూర్తి పేరు తర్వాత మారినా పొట్టి పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. జాన్ హేక్రాఫ్ట్ దంపతులు స్థాపించిన ఇంటర్నేషనల్ హౌస్ అనే సంస్థ 1962లో లండన్‌లో నడిపిన చిన్న శిక్షణ తరగతి దీనికి మూలం. ఇప్పుడు ధ్రువపత్రం ఇచ్చేది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన పరీక్షల విభాగం. కోర్సులో శిక్షకులతో గడిపే సమయం కనీసం 120 గంటలు ఉంటుంది. పూర్తికాలం చదివేవారికి అది నాలుగైదు వారాల్లో ముగుస్తుంది, ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి నెలల తరబడి సాగుతుంది. ఇంటర్నెట్ ద్వారా చేసే వీలు కూడా ఉంది. చేరడానికి ఇంగ్లీషు మాతృభాష కానక్కర లేదు, ముందు బోధించిన అనుభవమూ అక్కర లేదు, కానీ భాష మీద మంచి పట్టు ఉందో లేదో ఇంటర్వ్యూలో గట్టిగా పరీక్షిస్తారు.

ఆ 120 గంటలలో అన్నిటికన్నా బరువైనవి ఆరు గంటలు. ప్రతి శిక్షణార్థీ నిజమైన విద్యార్థులకు, కనీసం రెండు వేర్వేరు స్థాయుల వారికి, మొత్తం ఆరు గంటల పాఠం చెప్పి చూపించాలి. ఆ విద్యార్థులు సాధారణంగా ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో వచ్చేవాళ్లు. మనం నేర్చుకోవడానికి వాళ్లు తమ సాయంత్రాలు ఇస్తున్నారన్న స్పృహ ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాం. అనుభవజ్ఞుల తరగతులను మరో ఆరు గంటలు గమనించాలి. ఒక్కొక్కటి 750 నుంచి 1000 మాటలు ఉండే నాలుగు వ్యాసాలు రాయాలి. ఈ వ్యాసాల గురించి చాలామంది భయపెడతారు గాని, నిద్ర పోగొట్టేవి అవి కావు, మర్నాటి పాఠ ప్రణాళికలు.

నాలుగు వ్యాసాలలో ఒకటి మాత్రం తెలుగువారికి కలిసొచ్చేది. ఒక విద్యార్థితో మాట్లాడి, అతని భాషలోని బలాలనూ పొరపాట్లనూ విశ్లేషించి, వాటికి తగిన అభ్యాసం సూచించాలి. “ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్” అనే వాక్యాన్ని వేరే దేశపు ఉపాధ్యాయుడు వింటే కాలం తప్పిందని గుర్తు పెట్టుకుంటాడు. మనం వింటే దాని వెనక “ఐదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను” అన్న తెలుగు వాక్యం వినిపిస్తుంది. కాలం మొదలైన చోటుకు “సిన్స్” అనే మాట, గడిచిన కాలానికి “ఫర్” అనే మరో మాట వాడాలని ఇంగ్లీషు పట్టుబడుతుంది. మన “నుంచి” ఆ రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. అలాగే “ఎగ్” అన్న మాట ముందు సన్నగా “య” చేరడం, “ఓన్లీ” ముందు “వ” చేరడం, “కప్” చివర “ఉ” వచ్చి “కప్పు” కావడం మన నోటి లక్షణాలు. వీటిని నిర్లక్ష్యంగా భావించి విసుక్కునే ఉపాధ్యాయుడికి, ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిసిన ఉపాధ్యాయుడికి మధ్య తేడా విద్యార్థికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

[తెర మీద: బోర్డు మీది వాక్యంలో “యూస్డ్ టు” చుట్టూ ఒక గీత.]

ఒక వ్యాకరణ రూపాన్ని నేర్పేటప్పుడు అర్థం, రూపం, ఉచ్చారణ అనే మూడింటినీ ఆ వరసలోనే తీసుకోవాలని మాకు నేర్పారు. మన పాఠశాలల్లో రూపం మొదట వస్తుంది, అర్థం పరీక్ష ముందు రోజు వస్తుంది, ఉచ్చారణ ఎప్పటికీ రాదు. బోర్డు మీద “యూస్డ్ టు” అని రెండు మాటలుగా కనిపించేది నోట్లో “యూస్టు” అని ఒకే మాటగా పలుకుతుంది. “వాడటం” అనే అర్థంలో క్రియకు ఉండే “జ్” ధ్వని ఇక్కడ ఉండదు. దీన్ని ముందు తరగతి అంతా కలిసి, తర్వాత ఒక్కొక్కరూ పలికేలా చేయించాలి. పెద్దవాళ్లు కోరస్‌గా పలకడానికి సిగ్గుపడతారని అనుకున్నాను. నిజానికి గుంపులో గొంతు కలిపినప్పుడే వాళ్లకు ధైర్యం వచ్చింది.

ఇక సూచనలు ఇవ్వడం. అభ్యాసపత్రాలు పంచిన తర్వాత ఏం చేయాలో చెబితే ఎవరూ వినరు, అందరి కళ్లూ కాగితం మీదే ఉంటాయి. అందుకే కాగితాన్ని గుండెల దగ్గర పట్టుకుని, అందరికీ కనిపించేలా చూపిస్తూ, మూడు పొట్టి వాక్యాల్లో పని చెప్పి, ఒకరితో కలిసి ఒక ఉదాహరణ చేసి చూపి, ఆ తర్వాతే పంచాలి. ఇది ఎంత చిన్న మెళకువంటే, అప్పటికే పదిహేనేళ్లు పాఠాలు చెప్పిన ఒక తోటి శిక్షణార్థి దీన్ని విని నవ్వి, మర్నాడు తన తరగతిలో చేసి చూసి, ఇన్నాళ్లు గొంతు చించుకున్నానని వాపోయారు.

పేర్ల విషయంలో మాత్రం నేను చివరిదాకా ఇబ్బంది పడ్డాను. విద్యార్థులను పేరు పెట్టి పిలవమన్నారు. నా తండ్రి వయసున్న మనిషిని చివర “గారు” లేకుండా పిలవడానికి నాలుక తిరగలేదు. ఇంగ్లీషులో “యు” ఒక్కటే గాని, ఎదుటి మనిషి మన ఊరివాడే కదా. చివరికి ఇంగ్లీషు వాక్యంలోనే “గారు” చేర్చి పిలిచాను, శిక్షకురాలు అభ్యంతరం చెప్పలేదు.

పాఠం ముగిసిన తర్వాత జరిగే సమీక్షలో ముందు మాట్లాడవలసింది పాఠం చెప్పినవాడే. ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, ఎందుకు అని తనే చెప్పాలి. తర్వాత తోటివాళ్లు, చివర శిక్షకురాలు. నా పాఠాన్ని గమనించిన ఒక మిత్రుడు చేతి గడియారం చూసుకుంటూ, నలభై నిమిషాల్లో ఇరవై ఆరు నిమిషాలు నేనే మాట్లాడానని లెక్క రాశాడు. మిగిలిన పద్నాలుగు నిమిషాలను పన్నెండు మంది పంచుకున్నారన్న మాట. శిక్షకురాలి వ్యాఖ్యలు ఏవీ ఆ అంకె గుచ్చుకున్నంతగా గుచ్చుకోలేదు.

ఈ ధ్రువపత్రం దేనికి పనికిరాదో కూడా చెప్పాలి. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయ ఉద్యోగానికి బీఈడీ వంటి అర్హత, టెట్ కావాలి, వాటి స్థానంలో ఇది చెల్లదు. భాషాబోధనను శాస్త్రంగా చదవాలనుకునేవారికి మన హైదరాబాదులోనే 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై నేడు ఇఫ్లూగా ఉన్న విశ్వవిద్యాలయం ఉంది. సెల్టా చేతి పని నేర్పే కోర్సు. భాషా సంస్థలలో, విదేశాలలో పెద్దలకు పాఠం చెప్పే ఉద్యోగాలకు దానికి విలువ ఉంది.

చివరి రోజు టీ దగ్గర ఆ కాఫీ పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. మధ్యలో నేను పాఠం చెప్పే స్థాయి మారడంతో రెండు వారాలుగా నేను ఆయన తరగతికి వెళ్లలేదు, ఆయనే నా తరగతి తలుపు దగ్గర నిలబడి చూసేవారట. చేయి కలిపి, నెమ్మదిగా, ఒక్కో మాటా పేర్చుకుంటూ, “సర్, యు యూస్టు టాక్ ఎ లాట్” అన్నారు. ఉచ్చారణ ఎక్కడా తప్పలేదు. అలవాటు మానలేక, “డు ఐ టాక్ ఎ లాట్ నౌ?” అని అడిగి చూశాను. ఆయన కాసేపు ఆలోచించి, “లిటిల్ లెస్, సర్” అన్నారు.