ఇసుక రేణువు ఖరీదు

అందరికీ నమస్కారం. మన దగ్గర నలుగురు కలిస్తే క్రికెట్ కబుర్లే. అయినా గోల్ఫ్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, సంతోషం. ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: బంతిని హోల్ అనే గుంటలోకి చేర్చడానికి పట్టిన దెబ్బల లెక్కే స్కోరు, ఒక్కో దెబ్బను స్ట్రోకు అంటారు. గోల్ఫ్‌లో ఎంత తక్కువ స్కోరు చేస్తే అంత గొప్ప. క్రికెట్‌కు తలకిందులన్నమాట.

2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సులో టూర్ చాంపియన్‌షిప్ జరుగుతోంది. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరుస పీజీఏ టూర్‌లో సీజన్ ముగింపు పోటీ అది. మూడో రోజు, మూడో హోల్. తెలుగు మూలాలున్న అమెరికా గోల్ఫర్ సాహిత్ తీగల కొట్టిన బంతి బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడింది. అక్కడొక నియమం ఉంది. కొట్టడానికి క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకకు తగలకూడదు. తగిలితే రెండు స్ట్రోకుల జరిమానా. సాహిత్ షాట్ కొట్టేశాడు. ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే వెళ్లి చెప్పుకున్నాడు, వెనక్కి ఎత్తేటప్పుడు ఇసుక కదిలినట్టుందని. రెండు స్ట్రోకులు కలిపారు.

చివరికి స్కాటీ షెఫ్లర్ గెలిచాడు. రెండో స్థానంలో కాలిన్ మొరికావా, పార్ కంటే 26 తక్కువ. పార్ అంటే కోర్సుకు ముందే లెక్కగట్టిన స్ట్రోకుల సంఖ్య. మూడో స్థానంలో మనవాడు, 24 తక్కువ. తేడా ఎంతో చూశారుగా? ఆ జరిమానా పడకపోతే మిగతా ఆట అలాగే సాగేదని చెప్పలేం. కాగితం మీద లెక్క మాత్రం ఇది: మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు వచ్చాయి, ఇద్దరూ సమంగా నిలిస్తే చెరో కోటి డాలర్లు. అంటే తేడా 25 లక్షల డాలర్లు, మన రూపాయల్లో 20 కోట్ల పైమాటే. తీగ లాగితే డొంకంతా కదిలిందంటామే, అలా అయింది తీగలవారి అబ్బాయి పని!

తల్లిదండ్రులది హైదరాబాద్. తండ్రి మురళీధర్ 1980లలో అమెరికా వెళ్లారు. సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టి, చినో హిల్స్‌లో పెరిగాడు. వెన్నెముకలో వంపు ఉంది, స్కోలియోసిస్ అంటారు. అందుకే అతని స్వింగ్ కోచింగ్ పుస్తకాల్లో బొమ్మలా ఉండదు. నాకైతే అదే చూడముచ్చటగా ఉంటుంది. పెపర్‌డైన్ యూనివర్సిటీలో ఉండగా మణికట్టుకు సర్జరీ జరిగి ఒక సీజన్ పోయింది. తిరిగొచ్చి 2020లో కాలేజీ గోల్ఫ్‌లో పెద్ద అవార్డులు హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ మూడూ పట్టుకుపోయాడు.

ప్రొఫెషనల్ అయ్యాక మాత్రం ఏడిపించింది ఆట. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ ఆఖరి రోజు, 17వ హోల్‌లో కొట్టిన బంతి పక్కకు ఎగిరి నీళ్లలో పడింది. సమంగా నిలిచినవాళ్లు విజేత కోసం ఆడే ప్లేఆఫ్ ఒక్క స్ట్రోకుతో తప్పిపోయింది. ఇంటివాళ్ల దగ్గర కన్నీళ్లు ఆగలేదు. ఆ జూన్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్ ఇంకా ఘోరం. ఆఖరి హోల్‌కి వచ్చేసరికి ఒక స్ట్రోకు ముందున్నాడు. బంతి బంకర్‌లో పడింది. కొడితే అంచుకు తగిలి మళ్లీ అందులోనే ఉండిపోయింది. డబుల్ బోగీ, అంటే ఆ హోల్‌లో పార్ కంటే రెండు స్ట్రోకులు ఎక్కువ. టైటిల్ జాండర్ షాఫ్లేకి. ఇసుక అతన్ని వదల్లేదు చూడండి!

2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు, రెండు స్ట్రోకుల తేడాతో. పీజీఏ టూర్‌లో అదే మొదటి టైటిల్. మరుసటి ఏడాది అట్లాంటా తర్వాత నెల తిరక్కుండానే, మాంట్రియల్‌లో జరిగిన జట్ల పోటీ ప్రెసిడెంట్స్ కప్‌లో నెగ్గిన అమెరికా జట్టులో ఆడాడు.

సరే, లైట్లు కొంచెం తగ్గించండి. ఈస్ట్ లేక్ మూడో హోల్ వీడియో వేస్తాను. క్లబ్ వెనక్కి లేచేటప్పుడు ఇసుక కదిలిందో లేదో మీరే చెప్పండి.