స్కూల్ బోర్డు ఎన్నికల ఫార్వర్డులు: ఓటేసే ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొపెల్ వైపు ఉండే మన తెలుగువాళ్ల కోసం ముఖ్యంగా ఈ వీడియో, టెక్సాస్‌లో ఇంకెక్కడున్నా పనికొస్తుంది. మే మొదటి శనివారం జరిగే స్కూల్ బోర్డు ఎన్నిక దగ్గర పడుతోందంటే చాలు, గ్రూపుల్లో పబ్లిక్ స్కూళ్ల మీద ఫార్వర్డులు మొదలవుతాయి. ఇల్లు కొనేటప్పుడు మనలో చాలామంది మొదట చూసింది స్కూలునే, ఆఫీసు దూరమైనా పర్లేదనుకున్నాం. కానీ ఆ స్కూళ్లను నడిపే బోర్డు ఎన్నిక ఎప్పుడో కూడా చాలామందికి తెలీదు.

[స్క్రీన్ మీద: బోర్డు మీటింగ్ హాలు]

బోర్డులో సాధారణంగా ఏడుగురు ట్రస్టీలు, అంటే సభ్యులు, ఉంటారు, జీతం ఉండదు. కానీ స్కూళ్లన్నిటికీ పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్‌ను పెట్టేది వాళ్లే, బడ్జెట్ ఆమోదించేది వాళ్లే, స్కూల్ టాక్స్ రేటు నిర్ణయించేదీ వాళ్లే. ఓటేసేవాళ్లు చాలా తక్కువ కాబట్టి కొన్ని వందల ఓట్లతో ఫలితం తారుమారవుతుంది. 2022లో పేట్రియట్ మొబైల్ యాక్షన్ అనే రాజకీయ కమిటీ నార్త్ టెక్సాస్‌లో నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల బోర్డు ఎన్నికల మీదే సుమారు 6 లక్షల డాలర్లు పెట్టింది, వాళ్లు బలపరిచిన 11 మందీ గెలిచారు. అలా ఖర్చు పెట్టడం చట్టబద్ధమే, తప్పనడం లేదు. ఈ చిన్న ఎన్నిక మీద ఎవరెంత దృష్టి పెడుతున్నారో మనకు తెలియాలి కదా.

ఇప్పుడు అసలు విషయం. "స్కూల్ బాత్రూముల్లో, తాము పిల్లులమనుకునే పిల్లల కోసం లిట్టర్ బాక్సులు (పిల్లులు మలమూత్రాలకు వాడే ఇసుక లాంటి లిట్టర్ ఉన్న పెట్టెలు) పెడుతున్నారట" అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఇది 2021 డిసెంబర్‌లో మిషిగన్‌లోని మిడ్‌ల్యాండ్ డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగ్‌లో ఒకరు లేచి మాట్లాడాక దేశమంతా పాకింది. అలాంటివి మా స్కూళ్లలో ఎప్పుడూ లేవని అక్కడి సూపరింటెండెంట్ మరుసటి నెలలోనే రాసి చెప్పాడు. అయినా ఆగలేదు. 2022 మార్చిలో నెబ్రాస్కా రాష్ట్ర సెనేటర్ బ్రూస్ బోస్టెల్‌మన్ దాన్ని ఏకంగా ఆ రాష్ట్ర చట్టసభలోనే చెప్పి, తర్వాత అది నిజం కాదని తేలాక క్షమాపణ అడిగాడు. ఆ క్షమాపణను మాత్రం మన గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

క్యాట్ లిట్టర్ నిజంగా ఉంచిన డిస్ట్రిక్ట్ ఒకటుంది, కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీ. 1999లో కాల్పులు జరిగిన కొలంబైన్ హైస్కూల్ ఉన్నది అక్కడే. క్లాస్‌రూమ్‌లో పెట్టే ఎమర్జెన్సీ బకెట్లో మిగతా సామాన్లతో పాటు కొంచెం లిట్టర్ కూడా ఉంటుంది, ఎందుకంటే తుపాకీతో ఎవడో బయట తిరుగుతుంటే తలుపులు వేసుకుని గంటల తరబడి లోపలే ఉండాల్సి వస్తే, చిన్నపిల్లలు బాత్రూముకి ఎక్కడికెళ్తారు? దానికోసం. అంత బాధతో చేసుకున్న ఏర్పాటును పట్టుకుని టీచర్ల మీద బురద జల్లడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

[స్క్రీన్ మీద: 31%, 40%]

ఇంకోటి, "అమెరికాలో మూడింట రెండు వంతుల పిల్లలకు తమ క్లాసు స్థాయిలో చదవడం రాదు" అనేది. 2024 జాతీయ పరీక్ష నేప్‌లో నాలుగో తరగతి రీడింగ్‌లో "ప్రొఫిషియెంట్", ఆ పైన వచ్చినవాళ్లు 31 శాతం, నిజమే. కానీ ప్రొఫిషియెంట్ అంటే గ్రేడ్ లెవెల్ కాదు, అంతకంటే పై స్థాయి అని ఆ పరీక్ష పెట్టేవాళ్లే చెబుతారు. కలవరపడాల్సింది దానికి కింది "బేసిక్" స్థాయి కూడా అందుకోని 40 శాతం గురించి. ఆ పిల్లల గురించి బోర్డును గట్టిగా నిలదీయండి, నేనూ మీతో ఉంటాను.

డబ్బు సంగతికొస్తే ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినాలి. "స్టేడియానికి డబ్బుంది, టీచర్లకు లేదా?" అని అడుగుతారు. బాండ్ డబ్బు, అంటే ఓటర్ల అనుమతితో డిస్ట్రిక్ట్ తెచ్చే అప్పు, బిల్డింగులకు, బస్సులకు, కంప్యూటర్ల లాంటివాటికి, దాన్ని జీతాలకు వాడటానికి చట్టం ఒప్పుకోదు. జీతాలు వచ్చే ఖాతా వేరు, దానికి ఆధారం స్టేట్ ఒక్కో విద్యార్థికి లెక్కగట్టే మొత్తం, 2019 నుంచి 2025 దాకా అది 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ ఆరేళ్లలో మన కిరాణా బిల్లు ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. 2025లో దానికి కలిపింది 55 డాలర్లు, టీచర్ల జీతాల పెంపుకి విడిగా కొంత ఇచ్చారు.

బాండ్ బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్దక్షరాల్లో కనిపించి టెన్షన్ పెట్టేస్తుంది. 2019 చట్టం ప్రకారం ప్రతి స్కూల్ బాండ్ మీదా ఆ వాక్యం ఉండాల్సిందే, టాక్స్ రేటు పెరగకపోయినా సరే. అలాగని బాండ్ ఊరికే రాదు, కొత్త అప్పు లేకపోతే పాతది తీరేకొద్దీ రేటు తగ్గే వీలుంటుంది. ఆ లెక్క చూసుకుని వద్దనుకుంటే "నో" నొక్కండి, అది మీ హక్కు. భయపడి మాత్రం నొక్కకండి.

సిటిజన్లయితే ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరుగా రిజిస్టర్ అయ్యుండాలి. కొన్ని డిస్ట్రిక్టుల్లో ఎన్నిక నవంబర్‌లో ఉంటుంది, మీది ఎప్పుడో చూసుకోండి. హెచ్ వన్ బీలో, గ్రీన్ కార్డులో ఉన్నవాళ్లు ఓటేయకూడదు, కానీ మీటింగ్‌కి వెళ్లి అజెండాలో ఉన్న విషయం మీద మాట్లాడొచ్చు. అజెండా ముందే వెబ్‌సైట్‌లో పెడతారు.

ఈసారి గ్రూపులో అలాంటి ఫార్వర్డ్ వస్తే ఊరుకోకండి, పెట్టిన అన్నయ్యతోనో అక్కతోనో గొడవా పడకండి. ఇలా రాయండి: "అన్నా, ఇది ఏ స్కూల్లో, ఏ తేదీన జరిగింది? పేరు చెప్తే నేనే ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని ఇక్కడే పెడతాను." పేరు చెప్తే నిజంగానే ఫోన్ చేయండి, ఏం చెప్పారో ఉన్నదున్నట్టు పెట్టండి.