ఆకాశంలో ఆ లైట్లు ఎవరివి? రాత్రి చర్చ పూర్తి పాఠం

(2024 డిసెంబర్ మూడో వారంలో జరిగిన చర్చ ఇది. రిటైర్డ్ విమాన కెప్టెన్, ప్రొఫెసర్, గ్రహాంతరవాసుల మీద పరిశోధకుడు, ఈ ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తామని మొదట్లోనే చెప్పారు. ఎవరికి ఎంత దక్కిందో మీరే చూడండి. అందరూ ఒకేసారి అరిచిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో చీకటి పడితే చాలు, ఆకాశంలో లైట్లు! డ్రోన్లా, ఇంకేమైనానా? ఎఫ్‌బీఐకి ఇప్పటికే 5 వేలకు పైగా ఫిర్యాదులు. అటు అమెరికాలోనే ఆరెగన్ రాష్ట్రం మీద డిసెంబర్ 7 రాత్రి, పేషెంట్లను తరలించే విమానం పైలట్‌కి గుండ్రంగా తిరిగే ఎర్ర లైటు కనిపించింది. కంట్రోల్ టవర్ కూడా...

కెప్టెన్: టవర్ కాదండీ. సెంటర్. టవర్ ఎయిర్‌పోర్టు దగ్గరి విమానాల్ని చూస్తుంది, సెంటర్ దారిలో ఉన్నవాటిని.

యాంకర్: ఆ, సెంటర్. అవసరమైతే తప్పుకోమని చెప్పింది. అంటే వాళ్లకేదో తెలుసు. రిటైర్డ్ కెప్టెన్ గారూ, దాస్తున్నారా?

కెప్టెన్: దాచడం సంగతి తర్వాత. ముందు ఒకటి తేలాలి. పైలట్ చూశానంటే జనం నవ్వుతారు, అది తప్పు. 31 ఏళ్లు నడిపాను నేను. రాత్రంతా ఆకాశం చూడటమే మా పని. ఏది విమానం లైటు, ఏది చుక్క అన్నది మాకు...

ప్రొఫెసర్: కెప్టెన్ గారూ, చిన్న మాట...

కెప్టెన్: పూర్తి చేయనివ్వండి మేడమ్. ఎడమ రెక్కకి ఎర్ర లైటు, కుడి రెక్కకి పచ్చ, వెనక తెలుపు. వాటిని బట్టే ఎదుటి విమానం ఎటు పోతోందో చెప్పేస్తాం. అలాంటివాడు 'ఇదేంటో తెలియడం లేదు' అన్నాడంటే, ఆ మాటకి విలువ ఉండాలా లేదా?

యాంకర్: ఉండాలి. కానీ దాస్తున్నారా అన్నది నా ప్రశ్న. పరిశోధకుడు గారూ?

పరిశోధకుడు: కచ్చితంగా. 1986 నవంబర్ 17, అలాస్కా. జపాన్ సరుకు విమానం, బోయింగ్ 747. పారిస్ నుంచి వైన్ వేసుకుని టోక్యో వెళ్తోంది. కెప్టెన్ కెంజు తెరౌచి అరగంటకు పైగా లైట్లు చూశాడు. తమ విమానం కంటే ఎన్నో రెట్లు పెద్ద ఆకారం వెంట పడిందన్నాడు. చివరికేమైంది?

కెప్టెన్: నేను చెప్తా. పత్రికలతో మాట్లాడాడని ఆయన్ని తీసుకెళ్లి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. కొన్నేళ్లు విమానం ఎక్కనివ్వలేదు. ఇదీ నా బాధ!

ప్రొఫెసర్: రాడార్ సంగతి కూడా చెప్పాలి కదండీ. అమెరికా విమానయాన సంస్థ ఆ రికార్డులు పరిశీలించి, రాడార్‌లో ఆ విమానం గుర్తే రెండుగా కనిపించిందని, వేరే వస్తువు ఉన్నట్టు నిర్ధారణ కాలేదని తేల్చింది. ఆ వైపే గురుగ్రహం మెరుస్తోందని కూడా కొందరు...

పరిశోధకుడు: గురుగ్రహం విమానం వెంట పడుతుందా మేడమ్?

ప్రొఫెసర్: పడుతుంది! కారులో వెళ్తుంటే చందమామ మన వెంట రావడం లేదూ?

(స్టూడియోలో నవ్వులు. కెప్టెన్ నవ్వలేదు.)

కెప్టెన్: చందమామ కథలు మాకు చెప్పకండి.

ప్రొఫెసర్: కథ కాదండీ. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్‌లో మన సైనికులు 329 సార్లు చైనా డ్రోన్లు చూశామని రాసుకున్నారు. తర్వాత బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు వెళ్లి చూస్తే అవి గురుడు, శుక్రుడు. సైనికులది అబద్ధం కాదు. వాళ్లు చూసింది నిజమే. అది ఏమిటన్న దగ్గరే...

యాంకర్: అయితే మన సైన్యం కూడా దాచిందా?

ప్రొఫెసర్: లేదండీ, అన్నీ పేపర్లలో వచ్చాయి. దాచడమేముంది?

యాంకర్: ప్రేక్షకులు కూడా అదే అడుగుతున్నారు. పోల్‌లో చాలామంది దాస్తున్నారనే అంటున్నారు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక తెలుగు సోదరుడు ఫోన్‌లో ఉన్నారు. చెప్పండి, టెన్షన్‌గా ఉందా?

ఫోన్ గొంతు: టెన్షన్ ఏం లేదండీ. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ వీడియోలు. మొన్న మా ఆవిడ, నేను బాల్కనీలో నిలబడ్డాం. వరసగా ఐదు లైట్లు కనిపించాయి. భయమేసింది. ఫోన్‌లో యాప్ తెరిస్తే, అన్నీ నెవార్క్ ఎయిర్‌పోర్టులో దిగడానికి వరస కట్టిన విమానాలే...

యాంకర్: కానీ భయమేసింది కదా!

ఫోన్ గొంతు: వేసింది కానీ...

(లైన్ కట్ అయింది.)

యాంకర్: చూశారుగా, మనవాళ్లు భయంతో బతుకుతున్నారు. చిన్న బ్రేక్.

(బ్రేక్)

యాంకర్: మళ్లీ స్వాగతం. ఇదే మన శంషాబాద్ మీద జరిగితే?

కెప్టెన్: జరుగుతూనే ఉందండీ, లైట్లు వేరే! ఫంక్షన్ హాళ్లలో పెళ్లికొడుకు ఊరేగింపుకి లేజర్లు కొడతారు. దిగేటప్పుడు, వెయ్యి అడుగుల ఎత్తులో, పచ్చ లేజర్ కళ్లలో పడితే రెండు మూడు సెకన్లు ఏమీ కనిపించదు. దిగేటప్పుడు రెండు సెకన్లంటే ఏమిటో మీకు తెలుసా? చర్చ పెట్టాల్సింది దాని మీద.

(ఇక్కడ నాలుగు నిమిషాలు పెళ్లిళ్లు, డీజేలు, పోలీసు అనుమతులు. వదిలేశాం.)

ప్రొఫెసర్: అసలు విషయానికి రానివ్వండి. 2022 నుంచి పైలట్లు ఎక్కువగా చెబుతున్నది ఒకే రకం. దూరంగా దిగంతం దగ్గర లైటు వెలుగుతుంది, కాసేపు ఉంటుంది, ఆరిపోతుంది, అదే చోట మళ్లీ వెలుగుతుంది. గుండ్రంగా తిరుగుతున్నట్టుంటుంది. అవి ఇంటర్నెట్ కోసం పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు. 550 కిలోమీటర్ల ఎత్తులో వేలల్లో ఉన్నాయి. కింద మనకు అర్ధరాత్రి అయినా, దిగంతం వైపున్న వాటి మీద ఎండ పడుతుంది. సూర్యుడు దిగంతం కింద ఒక కోణంలో ఉన్నప్పుడు వాటి అడుగున ఉన్న చదునైన పలకలు అద్దంలా...

యాంకర్: స్టార్‌లింక్ అంటే ఈలాన్ మస్క్! అంటే ఆయన దాస్తున్నారా?

ప్రొఫెసర్: ఎవరూ దాచడం లేదండీ! అద్దంలా మెరుస్తాయి. ఒకటి దాటిపోగానే వెనక వచ్చేది అదే చోట మెరుస్తుంది. ఎప్పుడు ఎక్కడ మెరుస్తాయో ముందే లెక్క కట్టొచ్చు. పైలట్లకు ఆ సంగతి శిక్షణలో చెబితే సగం గొడవ...

కెప్టెన్: మళ్లీ పైలట్లకే శిక్షణ! తప్పెప్పుడూ మాదేనా?

ప్రొఫెసర్: తప్పు అనలేదు సార్. కన్ను ఎవరిదైనా కన్నే. చీకటి గదిలో అగరువత్తి నిప్పుని కాసేపు కన్నార్పకుండా చూడండి. అది కదులుతున్నట్టే ఉంటుంది. చుట్టూ పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే మెదడు అలా చేస్తుంది. 2011 జనవరిలో టొరంటో నుంచి జ్యూరిక్ వెళ్లే విమానంలో...

కెప్టెన్: తెలుసు, తెలుసు.

ప్రొఫెసర్: ...కో పైలట్ 75 నిమిషాల కునుకు తీసి లేచి, ముందు శుక్రగ్రహాన్ని విమానం అనుకున్నాడు, తర్వాత కింద ఎదురొస్తున్న అసలు విమానాన్ని చూసి మీదికి దిగుతోందనుకుని ముక్కు కిందికి దించేశాడు. 16 మందికి గాయాలు.

కెప్టెన్: అది కళ్ల తప్పు కాదు, అలసట! రాత్రి డ్యూటీల మీద డ్యూటీలు వేస్తే ఇలాగే అవుతుంది. రిపోర్టులో కూడా అలసట గురించే ఉంది. మీరు ఒక్క కో పైలట్‌ని పట్టుకుని మొత్తం పైలట్లందర్నీ...

ప్రొఫెసర్: నేను మొత్తాన్ని అనలేదే!

కెప్టెన్: అన్నట్టే ఉంది! (బల్ల మీద చేత్తో కొట్టిన చప్పుడు.) నేనూ చూశాను. ఒకసారి థాయ్‌లాండ్ వైపు, రాత్రి, మబ్బుల కింద సముద్రమంతా పచ్చగా వెలుగుతోంది. ఏమిటది? స్క్విడ్‌లు పట్టే పడవల లైట్లు! కనుక్కున్నదెవరు? మేమే. ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. మా ప్రతి లైటూ గ్రహాంతరవాసి అని ఎవరన్నారు?

పరిశోధకుడు: నేనన్నాను.

కెప్టెన్: మీరు ఊరుకోండి సార్. ర్యాన్ గ్రేవ్స్ అని అమెరికా నేవీ మాజీ పైలట్, 2023 జులైలో వాళ్ల పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు, పైలట్లు రిపోర్టు చేయడానికి భయపడుతున్నారని. ఎందుకు? మెడికల్‌కి పంపుతారేమో, లైసెన్స్ పోతుందేమోనని. అదే ఏడాది నాసా కమిటీ కూడా ఆ చిన్నచూపు పోవాలంది.

ప్రొఫెసర్: వేరే గ్రహం నుంచి వచ్చాయనడానికి ఆధారం లేదని కూడా అదే కమిటీ అంది...

కెప్టెన్: నేను వేరే గ్రహం అన్నానా? నేనన్నది భయం గురించి!

యాంకర్: భయం. అంటే ఎవరో భయపెడుతున్నారు. అంటే దాస్తున్నారు.

(ముగ్గురూ ఒకేసారి. ప్రొఫెసర్ గారి మాటల్లో 'మేరీల్యాండ్ మాజీ గవర్నర్' అన్నంత వరకే వినిపించింది.)

యాంకర్: ఒక్కొక్కరు! ఒక్కొక్కరు! మేడమ్, గవర్నర్ ఎవరు?

ప్రొఫెసర్: ల్యారీ హోగన్. తన ఇంటి మీద పెద్ద డ్రోన్లు తిరుగుతున్నాయని ఈ మధ్యే వీడియో పెట్టారు. అందులో కనిపించింది ఓరియన్ నక్షత్రాలు. వాటిలో వరసగా ఉండే మూడు చుక్కల్ని మా ఊళ్లో గొల్లకావడి అంటారు, చిన్నపిల్లలు కూడా...

పరిశోధకుడు: ఆయన పైలట్ కాదు కదా! కెప్టెన్ గారి పాయింటే అది.

కెప్టెన్: అదే నేను మొదట్నుంచీ అంటున్నది. పైలట్ వేరు, గవర్నర్ వేరు.

యాంకర్: హైదరాబాద్‌లో కూడా ఒకసారి ఆకాశంలో తెల్లగా ఏదో కనిపించింది కదా?

ప్రొఫెసర్: 2022 డిసెంబర్. టీఐఎఫ్ఆర్ అనే టాటా పరిశోధన సంస్థ వాళ్ల బెలూన్. చివరికి వికారాబాద్ జిల్లాలో పొలంలో దిగింది. ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగారు. ముందే చెప్పి ఉంటే...

యాంకర్: చూశారా, ముందే చెప్పలేదు!

ప్రొఫెసర్: (నిట్టూర్పు) సరే.

యాంకర్: టైమ్ అయిపోయింది. ఒక్కొక్కరికి పది సెకన్లు. మేడమ్?

ప్రొఫెసర్: ఈ సాయంత్రం పడమర వైపు చూడండి, శుక్రుడు చాలా ప్రకాశవంతంగా...

యాంకర్: థాంక్యూ. కెప్టెన్ గారూ?

కెప్టెన్: పది సెకన్లు చాలవు. ఒక పైలట్ రాత్రి మూడు గంటలకి ఒక లైటు చూశాడు. పక్కవాడూ చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొదటివాడు అంటాడు, 'నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?' రెండోవాడు అంటాడు, 'వద్దులే, ఇంకో ఆరేళ్లు సర్వీసుంది నాకు.' మళ్లీ ఇద్దరూ కాఫీ తాగుతారు. ఇది నా కళ్లముందు జరిగింది. ఆ లైటేంటో నాకిప్పటికీ...

(సిగ్నేచర్ మ్యూజిక్. కెప్టెన్ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.)